చిన్న కార్డులను పెద్ద మ్యూజియానికి చేర్చిన మనిషి – జెఫర్సన్ బర్డిక్

మన సావనీరులో సాధారణంగా మన పెద్దల జీవితాలు చదువుకుంటాం. అడవి కోసం, భూమి కోసం నిలబడినవాళ్ళు, గూడేల్లో మొదటి బడి తెరిచినవాళ్ళు, పాటను, డోలును కాపాడినవాళ్ళు మనకు గుర్తుకొస్తారు. ఈసారి నేను ఎంచుకున్న పెద్దాయన మన దేశం మనిషి కాదు, మన తెగ మనిషీ కాదు. ఆయన అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, ఒక కంపెనీలో విడిభాగాలు బిగిస్తూ బతికి, 1963లో కన్నుమూసిన జెఫర్సన్ ఆర్. బర్డిక్. ఆయన పెళ్ళి చేసుకోలేదు. మేడలు, పొలాలు కూడబెట్టలేదు. పేరున్న ఆటగాడు అంతకన్నా కాదు. అయినా ఆటల జ్ఞాపకాలను దాచుకునేవాళ్ళు ఈరోజుకీ ఆయన్ని కార్డుల సేకరణకు తండ్రిగా తలుచుకుంటారు.

ఆయన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. చేతిలో డబ్బు, ఒంట్లో బలం, పక్కన మనుషులు లేకపోయినా ఒక మామూలు పనివాడు ఒక దేశం జ్ఞాపకాన్ని ఎలా కాపాడగలడో ఆయన జీవితం చూపిస్తుంది. ఇది మొదటి కారణం. ఇక రెండోది మనకు సంబంధించినది. ఆయన దాచిన కాగితాల్లో ఆదివాసీల ముఖాలు కూడా ఉన్నాయి. అవి ఎలా అక్కడికి చేరాయో తెలుసుకుంటే, మన ఆటగాళ్ళ జ్ఞాపకాలను ఎవరు దాచాలి, ఎలా దాచాలి అనే ప్రశ్న మన ముందుకు వస్తుంది.

సిగరెట్ పెట్టెలో అట్టముక్క

బర్డిక్ గారు 1900లో సెంట్రల్ స్క్వేర్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. అది సిరక్యూజ్ నగరానికి దగ్గర్లో ఉంటుంది. చుట్టూ పొలాలున్న పల్లె ప్రాంతం. ఆయన పిల్లవాడిగా ఉన్న రోజుల్లో అమెరికా పిల్లలకు ఒక పిచ్చి ఉండేది. అదే సిగరెట్ పెట్టెల్లో వచ్చే బొమ్మల కార్డులు పోగుచెయ్యడం.

ఆ కార్డులు మొదట పిల్లల కోసం పుట్టలేదు. 1880ల నాటికి సిగరెట్లు పల్చటి కాగితపు పెట్టెల్లో అమ్మేవారు. జేబులో పెట్టుకుంటే పెట్టె నలిగి సిగరెట్లు విరిగిపోయేవి. అందుకని లోపల ఒక గట్టి అట్టముక్క పెట్టారు. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద రంగురంగుల బొమ్మ అచ్చువేశారు. నాటక నటీమణులు, పక్షులు, దేశాల జెండాలు, బేస్‌బాల్ ఆటగాళ్ళు, ఇలా ఒక్కో వరుస. వరుస పూర్తి కావాలంటే ఇంకో పెట్టె కొనాలి. వ్యాపారం కిటుకు అదే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా ఉండే ఆ ముక్క కోసం పిల్లలు పొగతాగేవాళ్ళ వెంటపడేవాళ్ళు. ఒక్కో బ్రాండులో ఒక్కో రకం కార్డు వస్తుంది కాబట్టి బ్రాండు మార్చమని తండ్రులను సతాయించేవాళ్ళు.

హాస్టల్లో పిల్లలను చూసుకునే మనిషిగా ఇది చదువుతుంటే నాకు మనసులో గుచ్చుకుంది. పొగాకు అమ్మడానికి పిల్లల ముచ్చటను వాడుకోవడం మంచిపని కాదు. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వచ్చేవి. అగ్గిపెట్టెల మీది అట్టలు పోగుచేసి పందెం ఆడేవాళ్ళం. ఇప్పుడు మా పిల్లలు చిప్స్ ప్యాకెట్లలో వచ్చే బొమ్మల కోసం కొట్టుకుంటారు. కిటుకు ఆనాటిదే, సరుకు మాత్రం మారింది. బర్డిక్ గారి గొప్పతనం ఎక్కడుందంటే, వ్యాపారి ఒక లాభం కోసం అచ్చువేసి వదిలేసిన ముక్కలో ఆయన ఇంకో విలువను చూశారు. ఒక కాలం మనుషులు ఎలా ఉన్నారో, ఏమి ఆడారో, ఎవరిని మెచ్చుకున్నారో ఆ ముక్కలో ఉందని గ్రహించారు.

కీళ్ళ నొప్పులతో సాగిన జీవితం

బర్డిక్ గారు సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో చదివి 1922లో బయటికి వచ్చారు. తర్వాత సిరక్యూజ్‌లోనే క్రౌజ్-హైండ్స్ అనే విద్యుత్ పరికరాల కంపెనీలో పనికి కుదిరారు. ట్రాఫిక్ లైట్లు తయారుచేసే కంపెనీగా దానికి పేరు. అక్కడ ఆయన పని విడిభాగాలను ఒకదానికొకటి బిగించడం. చదువుకున్న మనిషికి అది పెద్ద ఉద్యోగం కాదు. కానీ అప్పటికే ఆయనకు కీళ్ళవాతం మొదలైంది. వయసు పెరిగేకొద్దీ వేళ్ళు వంకర్లు పోయాయి. నడక కష్టమైంది. వెన్ను వంగిపోయింది. చిన్న చిన్న మరలు బిగించే పనికి చేతివేళ్ళే ఆధారం. ఆ వేళ్ళతోనే పగలంతా ఫ్యాక్టరీలో పని, రాత్రి గదిలో కార్డులతో పని.

ఆయన అద్దె గదిలో ఉండేవారు. జీతంలో తిండికి, గదికి, మందులకు పోగా మిగిలింది కార్డులకు, తపాలా బిళ్ళలకు పోయేది. అప్పట్లో కార్డులు దొరకడం సులువే, నిలవడమే కష్టం. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అమ్మలు పెట్టెలు దులిపి పారేసేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పాత కాగితాలను పోగుచేసి యుద్ధ అవసరాలకు ఇమ్మని ఊరూరా ప్రచారం జరిగింది. అలా ఎన్నో పాత కాగితాలు గుజ్జులో కలిసిపోయాయి. పుస్తకమైతే గ్రంథాలయంలో ఉంటుంది, చిత్రమైతే గోడమీద ఉంటుంది. సిగరెట్ పెట్టెలోని అట్టముక్కకు ఇల్లు ఎక్కడ? దానికి ఒక ఇల్లు వెతకడమే బర్డిక్ గారి జీవితం అయింది.

ఆయనకు బేస్‌బాల్ మీద ప్రత్యేకమైన మోజు ఏమీ లేదంటారు. ఆటగాళ్ళ కార్డులను ఎంత జాగ్రత్తగా దాచారో, పక్షుల కార్డులను, పోస్టుకార్డులను, చుట్టలకు చుట్టే కాగితపు పట్టీలను, దుకాణాల ప్రకటన కార్డులను కూడా అంతే జాగ్రత్తగా దాచారు. ఇది ముఖ్యం, ఇది కాదు అని ఆయన ఏరివేయలేదు. అందువల్లే ఈరోజు బేస్‌బాల్ చరిత్ర రాసేవాళ్ళకే కాక, అచ్చు విద్య గురించి, బట్టల గురించి, ప్రకటనల గురించి పరిశోధించేవాళ్ళకు కూడా ఆయన సేకరణ పనికొస్తోంది.

వరుసలో పెట్టడమే ఆయన విద్య

పోగుచేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఊరికే పోగుచేస్తే అది గుట్ట అవుతుంది. వరుసలో పెడితేనే అది జ్ఞానం అవుతుంది. టీచర్ ట్రైనింగులో మాకు వర్గీకరణ గురించి చెప్పారు. ఆకులు తెచ్చిన పిల్లవాడికి వాటిని ఆకారాన్ని బట్టి వేరుచేయమని చెబితే అక్కడ పాఠం మొదలవుతుంది. బర్డిక్ గారు చేసిందీ అదే.

అప్పటిదాకా ఏ కంపెనీ ఎన్ని రకాల కార్డులు వేసింది, ఒక్కో వరుసలో ఎన్ని ఉన్నాయి అనేది ఎవరూ ఒకచోట రాసిపెట్టలేదు. కంపెనీలు లెక్కలు దాచలేదు. చాలా కార్డుల మీద సంవత్సరం ఉండదు. ఆయన ఉత్తరాల ద్వారా ఇతర సేకర్తల దగ్గర వివరాలు సేకరించి, కార్డు వెనకవైపు ప్రకటన చూసి, అచ్చు తీరు చూసి, ఒక్కో వరుసను గుర్తించారు. ప్రతి వరుసకూ ఒక అక్షరం, ఒక సంఖ్య ఇచ్చారు. 19వ శతాబ్దపు పొగాకు కార్డులకు ఎన్, 20వ శతాబ్దపు పొగాకు కార్డులకు టి, తొలినాటి మిఠాయి కార్డులకు ఇ, తర్వాతి కాలపు బబుల్‌గమ్ కార్డులకు ఆర్, రొట్టెల కంపెనీల కార్డులకు డి. ఇలా పేరు పెట్టాక దేశంలో ఏ మూలనున్న ఇద్దరు సేకర్తలైనా ఉత్తరంలో టి206 అని రాసుకుంటే చాలు, ఏ వరుసో తెలిసిపోతుంది. ఇప్పటికీ అందరూ వాడేది ఆయన పెట్టిన గుర్తులనే.

1937లో ఆయన సేకర్తల కోసం ఒక చిన్న పత్రిక మొదలుపెట్టారు. 1939లో తన తొలి కేటలాగును తెచ్చారు. అదే తర్వాత అమెరికన్ కార్డ్ కేటలాగ్ అనే పేరుతో 1946లో, 1953లో, 1960లో పెరుగుతూ వచ్చింది. ఇందులో ఆయనకు మిగిలిన డబ్బు పెద్దగా ఏమీ లేదు. మిగిలింది మనుషుల నమ్మకం. కేటలాగులో చాలా కార్డులకు ఆయన వేసిన ధర కొద్ది సెంట్లే. మామూలు జీతగాళ్ళు, పిల్లలు కూడా ఈ పని చేయగలగాలన్నది ఆయన తలంపు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సందేహాలు రాస్తే, వంగని వేళ్ళతో ఓపిగ్గా జవాబులు రాసేవారు. తన దగ్గర రెండు ఉన్నవి ఇంకొకరికి పంపేవారు. తన దగ్గర లేనివి వాళ్ళు ఆయనకు పంపేవారు. ముఖాలు చూసుకోని మనుషులు ఎంతోమంది ఆ ఉత్తరాల ద్వారా ఒక సంఘంలా అయ్యారు. ఆయన మంచితనానికి ఇంతకంటే పెద్ద గుర్తు అవసరం లేదు.

మ్యూజియం గడపలో పదిహేనేళ్ళు

వయసు మీద పడుతోంది, జబ్బు ముదురుతోంది. తను పోయాక ఈ కార్డుల సంగతి ఏమిటి? పిల్లలు లేరు. అమ్మితే డబ్బు వస్తుంది కానీ వరుసలు చెదిరిపోతాయి, ఒకరి ఇంట్లో కొన్ని, ఇంకొకరి ఇంట్లో కొన్ని పోయి మళ్ళీ ఎవరికీ కనబడవు. అందరి కోసం ఒకచోట ఉండాలనుకున్నారు. 1947లో న్యూయార్క్ నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌ను ఆశ్రయించారు. ప్రపంచంలోని మహా చిత్రకారుల చిత్రాలు, ఈజిప్టు రాళ్ళు, గ్రీకు శిల్పాలు ఉండే చోటు అది. అక్కడికి సిగరెట్ పెట్టె అట్టలు తీసుకుపోవడం అంటే ఎంత ధైర్యం ఉండాలి!

అక్కడ ప్రింట్ల విభాగానికి క్యూరేటరుగా ఉన్న ఎ. హయాట్ మేయర్ గారు ఆ అట్టలను చిన్నచూపు చూడలేదు. మామూలు జనం చేతుల్లో తిరిగిన అచ్చు బొమ్మలు కూడా కళా చరిత్రలో భాగమేనని ఆయనకు తెలుసు. తీసుకోవడానికి ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు ఉంది. ఇన్ని లక్షల ముక్కలను సర్దే మనుషులు మ్యూజియంలో లేరు, కాబట్టి ఇచ్చే మనిషే వాటిని వరుసలో పెట్టి ఇవ్వాలి. ఇంకొకరైతే ఇంత ఇచ్చి ఇంకా పని కూడా చేయాలా అని అలిగి పోయేవారు. బర్డిక్ గారు సరేనన్నారు.

అప్పటినుంచి దఫదఫాలుగా కార్డులు సిరక్యూజ్ నుంచి న్యూయార్క్ చేరాయి. ఆయన వచ్చి ప్రింట్ల విభాగంలో ఒక మూల చిన్న బల్ల దగ్గర కూర్చుని ఆల్బమ్ పేజీల మీద ఒక్కొక్కటే అతికించేవారు. 1959లో ఉద్యోగం మానేశాక ఏకంగా న్యూయార్క్‌కే మకాం మార్చారు. పనిచేసే ఓపిక తగ్గుతూ వచ్చింది. నడిచి రావడమే ఒక పరీక్ష. అయినా వచ్చేవారు. పేజీ తర్వాత పేజీ, ఆల్బమ్ తర్వాత ఆల్బమ్. పని పూర్తయ్యేదాకా బతకగలనా అన్నదే ఆయన ఆదుర్దా.

1963 జనవరి 10న చివరి ముక్క అతికించడం పూర్తయింది. సాయంత్రం అయిదు గంటలకు కష్టం మీద కోటు తొడుక్కుని, ఇక తిరిగి రానని అక్కడివాళ్ళకు చెప్పి సెలవు తీసుకున్నారు. మర్నాడే ఆస్పత్రిలో చేరారు. రెండు నెలల తర్వాత, మార్చి 13న కన్నుమూశారు. మొత్తం మూడు లక్షలకు పైగా ముక్కలు, అందులో బేస్‌బాల్ కార్డులే 30 వేలకు పైగా. అప్పగించిన పనిని పూర్తిచేసి, లెక్క సరిచూసి, తాళాలు ఇచ్చి వెళ్ళినట్టుగా వెళ్ళిపోయారు.

ఒక అట్టముక్క ధర

ఆయన పోయిన తర్వాత కాలం మారింది. చిన్నతనంలో కార్డులు పారేసుకున్న తరం డబ్బు సంపాదించాక మళ్ళీ వాటిని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ధరలు ఆకాశానికెక్కాయి. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన టి206 వరుసలో 500కు పైగా కార్డులున్నాయి. అందులో పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు చాలా తక్కువగా బయటికి వచ్చింది. తన బొమ్మ వాడటానికి ఆయన ఒప్పుకోలేదు. పిల్లలు పొగాకు కొనడం ఇష్టంలేక అని కొందరు, డబ్బు సరిగా ఇవ్వనందుకని కొందరు చెబుతారు. బర్డిక్ గారి కేటలాగులో దానికి 50 డాలర్ల ధర వేశారు. ఆ రోజుల్లో బేస్‌బాల్ కార్డులన్నిటిలోకీ అదే ఖరీదైనది. 2022లో ఆ వాగ్నర్ కార్డు ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. బర్డిక్ గారి సేకరణలోని వాగ్నర్ కార్డు మాత్రం ఏ వేలానికీ పోకుండా మ్యూజియంలోనే ఉంది.

ఆయన కార్డులను జిగురుతో అతికించినందుకు ఈనాటి సేకర్తలు కొందరు బాధపడతారు. జిగురు తగిలిన కార్డుకు మార్కెట్‌లో విలువ తగ్గుతుంది. కానీ ఆయన మార్కెట్ కోసం అతికించలేదు. చూసేవాళ్ళ కోసం, చదివేవాళ్ళ కోసం అతికించారు. అమ్ముకోవడానికి దాచేవాడు ధర చూస్తాడు, అందరికీ ఇవ్వడానికి దాచేవాడు వరుస చూస్తాడు. ఈ తేడా మన పిల్లలకు చెప్పదగినది.

ఆ ఆల్బమ్‌లలో ఆదివాసీలు

ఇప్పుడు మనకు దగ్గరి విషయానికి వస్తాను. రిచ్మండ్ నగరంలోని అలెన్ అండ్ గింటర్ అనే సిగరెట్ కంపెనీ 1888లో అమెరికన్ ఇండియన్ నాయకుల పేరుతో 50 కార్డుల వరుస ఒకటి వేసింది. బర్డిక్ గారి పద్ధతిలో దాని గుర్తు ఎన్2. ఆ కార్డులు ఆయన సేకరణలో ఉన్నాయి. ఈకల తలపాగాలు, పూసల దండలు, పక్కన పేరు, తెగ పేరు. రంగులు ఈనాటికీ అందంగా కనబడతాయి.

ఆ వరుసలో అపాచీ వీరుడు జెరోనిమో ఉన్నాడు. ఆయన 1886లో లొంగిపోయాడు. కార్డు అచ్చయ్యేనాటికి సైన్యం చేతిలో యుద్ధ ఖైదీగా ఉన్నాడు. 1909లో చనిపోయేదాకా ఖైదీగానే ఉన్నాడు. ఆ వరుసలో లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ కూడా ఉన్నాడు. కార్డు వచ్చిన రెండేళ్ళకు, 1890 డిసెంబరులో, అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసుల చేతిలో ప్రాణాలు వదిలాడు. ఒకపక్క భూములు లాక్కుని మనిషిని బంధించారు, ఇంకోపక్క అదే మనిషి ముఖాన్ని అందంగా అచ్చువేసి సిగరెట్లు అమ్మారు. మన పండుగల్లో మన దుస్తులు, మన నృత్యాలు పోస్టర్ల మీదికి ఎక్కి, మన పట్టాల సంగతి మాత్రం ఫైళ్ళలో ఉండిపోయినప్పుడు మనకు కలిగే బాధ ఇలాంటిదే.

ఇందులో బర్డిక్ గారి తప్పు లేదు. ఆయన ఆ కార్డులు వేయలేదు. వేసినవాటిని చెరపకుండా, దాచకుండా, సంఖ్య ఇచ్చి నిలబెట్టారు. అందువల్లే ఆ వ్యాపారం ఎలా జరిగిందో ఈరోజు మనం చూపించగలుగుతున్నాం. సాక్ష్యం మిగిలితేనే ప్రశ్న అడగగలం.

టి206 వరుసలో కూడా ఆదివాసీ ఆటగాళ్ళున్నారు. ఒకరు ఓజిబ్వే తెగకు చెందిన చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టుకు బంతి విసిరిన మేటి. ఇంకొకరు కవీయా తెగకు చెందిన జాన్ టోర్టెస్ మేయర్స్. న్యూయార్క్ జెయింట్స్ జట్టు క్యాచర్. 1911 వరల్డ్ సిరీస్‌లో వీళ్ళిద్దరూ ఎదురెదురు జట్లలో ఆడారు. కార్డుల మీదా, పత్రికల్లోనూ ఇద్దరికీ ఒకటే బిరుదు తగిలించారు, చీఫ్ అని. ఆదివాసీ ఆటగాడు ఎవరైనా సరే చీఫ్ అనే పిలవడం ఆనాటి అలవాటు. బెండర్‌కు అది నచ్చేది కాదు. ఎవరైనా సంతకం అడిగితే తన అసలు పేరే రాసేవాడు. పట్నం బడికి పోయిన మన పిల్లను పేరుతో కాకుండా తెగ పేరుతో పిలిస్తే ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో నేను చూశాను. అందుకే బెండర్ సంతకం విలువ నాకు అర్థమవుతుంది.

బెండర్ చదివింది కార్లైల్ ఇండియన్ స్కూల్లో. 1879లో పెన్సిల్వేనియాలో మొదలై 1918లో మూతపడిన హాస్టల్ బడి అది. అక్కడ ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు, పేర్లు మార్చారు. అదే బడిలో చదివిన జిమ్ థోర్ప్ 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటిలో స్వర్ణాలు గెలిచాడు. మరుసటి ఏడాది, అంతకుముందు కొంచెం డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న కారణంతో పతకాలు వెనక్కి తీసుకున్నారు. 1953లో ఆయన చనిపోయాక, 1983లో ఆయన పిల్లలకు ప్రతిరూప పతకాలు ఇచ్చారు. అసలు పతకాలు అప్పటికే మ్యూజియంల నుంచి దొంగల పాలయ్యాయి. 2022లో గానీ ఆయన్ని ఏకైక విజేతగా మళ్ళీ ఒప్పుకోలేదు. ఒక హాస్టల్ వార్డెనుగా నేను ఈ బడి కథను మరచిపోలేను. పిల్లలకు అన్నం పెట్టి, పాఠం చెప్పి, వాళ్ళ పేరును, మాటను తీసేసుకుంటే ఆ హాస్టల్ ఇల్లు కాదు.

మన పెట్టెల్లో ఏముంది

మనకూ ఆటగాళ్ళున్నారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడు ముండా తెగకు చెందిన జైపాల్ సింగ్. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల తరఫున గొంతెత్తినదీ ఆయనే. మన కళ్ళముందు 2014 మే 25న లంబాడా పిల్ల మలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. వీళ్ళ పేర్లు అందరికీ తెలుసు. మరి కబడ్డీలో, ఖోఖోలో, విలువిద్యలో, పరుగుల్లో జిల్లా స్థాయికి, రాష్ట్ర స్థాయికి వెళ్ళొచ్చిన మన అన్నలు, అక్కలు ఎంతమంది? వాళ్ళ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయి?

నాకు తెలిసినంతలో చెబుతాను. కొన్ని ఇంటి చూరులో దోపి ఉంటాయి, పొగకు నల్లబడి. కొన్ని ట్రంకు పెట్టె అడుగున ఉంటాయి, చెదలు తిన్నాక మిగిలినంత. పతకాల రిబ్బన్లు పిల్లలు జడలకు కట్టుకుంటారు. జట్టు ఫోటో ఉంటే అందులో నలుగురి పేర్లు తెలుస్తాయి, మిగతావాళ్ళ పేర్లు చెప్పగల మనిషి చనిపోయి ఉంటాడు. ఇదంతా ఎవరి తప్పూ కాదు. వానకు కారే ఇంట్లో బియ్యం కాపాడుకోవాలా, కాగితం కాపాడుకోవాలా? కానీ ఇప్పుడు మనకు సంఘం ఉంది, చేతిలో ఫోను ఉంది, చదువుకున్న పిల్లలున్నారు.

అరకులో గిరిజన మ్యూజియం ఉంది, హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. అక్కడ మన పనిముట్లు, నగలు, ఇళ్ళ నమూనాలు చూస్తాం. మంచిదే. కానీ బర్డిక్ గారి జీవితం చెప్పేది ఇంకొకటి. మ్యూజియం వచ్చి మనల్ని అడగాలని కూర్చోనక్కర్లేదు. ముందు మనం వరుసలో పెడితే, తర్వాత ఏ గడప దగ్గరికైనా ధైర్యంగా తీసుకుపోవచ్చు.

అందుకే సంఘం పెద్దలకు, యువతకు ఒక మనవి. వచ్చే వార్షిక సభలో ఒక బల్ల వేద్దాం. ఎవరింట్లో పాత క్రీడా సర్టిఫికెట్, పతకం, జెర్సీ, జట్టు ఫోటో, విల్లు ఉన్నా ఒక్కరోజుకు తీసుకురమ్మని చెబుదాం. వస్తువు తీసుకోవద్దు, ఫోటో తీసి వాళ్ళ వస్తువు వాళ్ళకే ఇచ్చేద్దాం. ప్రతిదానికీ ఒక సంఖ్య ఇద్దాం. పక్కన ఆటగాడి పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, ఊరు, ఆట, సంవత్సరం, ఆడిన చోటు రాద్దాం. ఫోటోలో ఎడమనుంచి కుడికి ఎవరెవరో రాద్దాం. ఆటకు మన భాషలో వేరే పేరుంటే అదీ రాద్దాం. ముందుగా పెద్దవయసు వాళ్ళ ఇళ్ళకు వెళదాం, ఎందుకంటే వాళ్ళు పోతే పేర్లు పోతాయి. తెగ పేరు ఒక్కటే రాసి వదిలేయవద్దు. బెండర్‌కు జరిగింది మన ఆల్బమ్‌లో మన చేతులతో జరగకూడదు.

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. ఒక రిజిస్టరు, తడి తగలని ఒక పెట్టె, వేపాకు, ఓపిక చాలు. మా హాస్టల్ పిల్లలు రాయడానికి సిద్ధంగా ఉన్నారు. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు చక్కటి చేతిరాతతో వివరాలు నింపగలరు. దానివల్ల వాళ్ళకు తమ ఊరి అక్క ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిందని తెలుస్తుంది. అది తెలిసిన పిల్ల మైదానంలో ఇంకోలా నిలబడుతుంది.

వంగిపోయిన వెన్నుతో, వంకర్లు పోయిన వేళ్ళతో ఒక ఫ్యాక్టరీ పనివాడు మూడు లక్షల ముక్కలను వరుసలో పెట్టి వెళ్ళారు. మన చేతులు బాగానే ఉన్నాయి. మన ఊళ్ళో ముప్పై ముక్కలతో మొదలుపెడదాం. జెఫర్సన్ బర్డిక్ గారికి జోహార్లు.